పంపు టీచరమ్మా, తమ్ముడి చక్రమూ

పంపు టీచరమ్మ అంటే ఆ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. భుజాన సంచీ, సంచీలోంచి తల బయటపెట్టి చూసే సైకిలు పంపు, ఎవరో తరుముతున్నట్టు చకచకా నడక. కొత్తగా వచ్చినవాళ్ళు ఆవిడకి సైకిలు షాపుందేమో అనుకుంటారు. నిజానికి ఆవిడకి సైకిలు తొక్కడమే రాదు.

వాయువుల పాఠం మొదలుపెట్టే రోజున ఆవిడ సుద్దముక్క ముట్టుకోదు. పంపు బల్ల మీద పెట్టి, గాలి బయటికొచ్చే చివరను బొటనవేలితో గట్టిగా మూయిస్తుంది. క్లాసులో ఉన్న ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ వచ్చి పంపు కొట్టాల్సిందే, కొట్టాక గొట్టం అడుగున చేయి పెట్టి చూడాల్సిందే. చెయ్యి చురుక్కుమంటుంది.

"ఎందుకు కాలింది?" అంటుంది.

"రాపిడి వల్ల టీచర్" అని ముందు బెంచీ మేధావి ఎవరో అంటారు. ఏటా ఒకరు అంటారు.

"అలాగా. అయితే బొటనవేలు తీసేసి మళ్ళీ అన్నిసార్లే కొట్టు. రాపిడి అంతే ఉంటుంది కదా. ఏదీ, ఇప్పుడు పెట్టు చెయ్యి."

ఈసారి అంత కాలదు. మేధావి తన అరచెయ్యి తిప్పి చూసుకుంటాడు. అప్పుడు చెబుతుంది టీచరమ్మ: దారి మూసేసరికి గాలిని అణచడానికి నీ చెయ్యి కష్టపడింది, ఆ కష్టమంతా గాలికి చేరి గాలి వేడెక్కింది, దారి తెరిచి ఉంచితే గాలి హాయిగా బయటికి నడిచింది, నీకు కష్టమూ లేదు, దానికి వేడీ లేదు. ఇంత అయ్యాకే బోర్డు మీద సూత్రం పడుతుంది. అప్పటికి పిల్లలకి సూత్రం చేతి మంటలో ఉంటుంది కాబట్టి బట్టీ పట్టే పని తప్పుతుంది.

ఆవిడ క్లాసులో ఒక మాటకి నిషేధం. శక్తి "పోయింది" అనకూడదు. బంతి గెంతి గెంతి ఆగిపోతే దాని శక్తి పోయింది అన్నవాడు నిలబడాలి, అది ఎవరికి చేరిందో చెప్పేదాకా కూర్చోకూడదు. నేలకి చేరింది, బంతిలో గాలికి చేరింది, చప్పుడై మన చెవికి చేరింది, ఏదో ఒకటి చెప్పాలి. పోవడం అనేది లేదు, చేరడమే ఉంది అని ఆవిడ వాదన. ఈ పిచ్చి స్కూలు గేటు దగ్గర ఆగేది కాదు. ముందుగదిలో కుట్టుమిషను ముందు కూర్చునే భర్త, ఆ వీధి టైలరు, ఒకరోజు విసుగెత్తి "నీతో వాదించి నా ఓపిక పోయింది" అన్నాడట. "ఎక్కడికి చేరింది?" అందట ఈవిడ. "నీకే. లేకపోతే ఇంకా ఇలా వాదిస్తావా?" అన్నాడట ఆయన. ఆవిడతో వాదించి నెగ్గినవాళ్ళెవరైనా ఉన్నారంటే ఆయన ఒక్కడే, అదీ ఆ ఒక్కసారే.

ముక్కుసూటి మనిషి. ఆవిడ దగ్గర పప్పులుడకవు. స్కూలు తనిఖీకి వచ్చిన పెద్దమనిషి ఒకాయన పాఠం మధ్యలో తప్పు చెబితే, పిల్లల ముందే "కాదండీ" అని దిద్ది, కుర్చీ వేయించి కూర్చోబెట్టింది. ఆ గొడవకి ఏం జరిగిందని అడక్కండి, ఏమీ జరగలేదు. ఆయన కూర్చుని మిగతా పాఠం విన్నాడు. పంపు కూడా కొట్టాడు. ఆ వీధిలో ఎవరికి ఏ విషయంలో అనుమానం వచ్చినా, టీచరమ్మ అవునంటే అవును, కాదంటే కాదు. ఇంత పేరు ఒక్కరోజులో వచ్చేది కాదు. ఉన్నది ఉన్నట్టు చెబుతూ ఒక జీవితం గడిపితే వస్తుంది. నన్నడిగితే అది చాలా పెద్ద ఆస్తి.

ఆ ఆస్తికే ఒకసారి గండం వచ్చింది. తెచ్చినవాడు పరాయివాడు కాదు, సొంత తమ్ముడు.

తమ్ముడు ఆవిడకంటే చాలా చిన్న. తల్లి బట్టల మిల్లులో షిఫ్టులకి వెళుతుంటే వాణ్ణి చంకనేసుకుని ఈవిడే పెంచింది, వాడికి జోలపాట బదులు ఎక్కాలు వినిపించింది. వాడు హైస్కూలుకి వచ్చేసరికి ఈవిడే అక్కడ టీచరు. తమ్ముడని గారం చేస్తోందన్న మాట ఎక్కడ వస్తుందోనని క్లాసులో అందరికంటే వాడినే ఎక్కువ లేపి ప్రశ్నలడిగేది. ఇంట్లో అక్క, స్కూల్లో టీచరు, ఎటు తిరిగినా ఒకటే మొహం. ఏ కుర్రాడికైనా తల ప్రాణం తోకకొస్తుంది. ఒకరోజు పుస్తకాల సంచీ ఇంట్లో పెట్టి, కంప్రెసర్లు బాగుచేసే షెడ్డుకి వెళ్ళిపోయాడు. మళ్ళీ స్కూలు మొహం చూడలేదు.

చూడకపోయినా చెడిపోలేదు. వాడు గాలిని చదివాడు. రంగులు చల్లే షాపుల కంప్రెసర్లు, టైర్లలో గాలి నింపేవి, పళ్ళ డాక్టరు కుర్చీ వెనక గుర్రుగుర్రుమనేవి, అన్నీ వాడి దగ్గరికే వస్తాయి. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, స్క్రూడ్రైవరు మొన యంత్రానికి ఆనించి, పిడి చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని వింటాడు. విని, "ఎగ్జాస్టు వాల్వు" అంటే ఎగ్జాస్టు వాల్వే. అందరూ వాణ్ణి గాలి మేస్త్రి అంటారు. సొంత షెడ్డు పెట్టుకున్నాడు, వెనకాల ఇల్లు, ఇంటికీ షెడ్డుకీ మధ్య మూడువైపులా గోడలున్న చిన్న పెరడు. అక్క ఎప్పుడైనా ఆ దారిన వెళితే షెడ్డులోకి ఒకసారి తొంగిచూస్తుంది. పైకి ఒక్క మాట అనదు గానీ, వాడి పనితనం చూసి ఆవిడకి కడుపు నిండిపోతుంది.

ఆ పెరట్లో వాడు ఒక యంత్రం కట్టాడు.

పెద్ద ఇనుప ట్యాంకు, దాని పక్కన అరచేతిలో పట్టేంత సిలిండరు ఉన్న చిన్న ఇంజను. ట్యాంకులో నొక్కిపెట్టిన గాలి ఇంజనులోకి వచ్చి పిస్టన్ను తోస్తుంది, పిస్టన్ ఒక బరువైన చక్రాన్ని తిప్పుతుంది. ఇంతవరకూ ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ ఆ చక్రం రెండోవైపు ఇంకో బుల్లి కంప్రెసరును తిప్పుతుంది, అది బయటి గాలిని పీల్చి మళ్ళీ అదే ట్యాంకులోకి నొక్కుతుంది. షెడ్డులో కరెంటు కంప్రెసరుతో మొదట ఒకసారి ట్యాంకు నింపి, గొట్టం పీకేసి, చక్రాన్ని చేత్తో ఒక తోపు తోస్తే చాలు. ఆ తరవాత తనక్కావలసిన గాలి తనే నింపుకుంటుంది. తమ్ముడు చెప్పేది ఇదీ.

ఒక సాయంత్రం అక్క ఇంటికి వచ్చి, బావ కుట్టుమిషను పక్కన స్టూలు మీద కూర్చుని, వాడు ఆ సంగతంతా చెప్పాడు. షాపులవాళ్ళ సంఘానికి కూడా చెప్పేశాడట. ఆదివారం మధ్యాహ్నం పెరట్లో అందరి ముందూ ఆడించి చూపిస్తాడట.

"నువ్వు వచ్చి కుర్చీలో కూర్చో అక్కా. చక్రం ఆడాక లేచి ఒక్క మాట చెప్పు, ఇది నిజమేనని. నువ్వు చెబితే ఇంక కాదనేవాడుండడు."

"ఒరేయ్, అది ఆడదురా."

"ఆడుతోంది."

"ఆడదు. చక్రం ట్యాంకులోంచి ఎంత తీసుకుంటుందో దాంట్లో కొంత రాపిడికి చేరుతుంది, కొంత చప్పుడుకి చేరుతుంది, కొంత కంప్రెసరు వేడెక్కడానికి చేరుతుంది. మిగిలిందే కదా వెనక్కి వెళ్ళేది? తీసుకున్నదానికంటే తక్కువే కదా?"

"నాకు పాఠం చెప్పకక్కా. పాఠం చెబుతావనే నేను పారిపోయింది. రేపు మధ్యాహ్నం పెరట్లోకి రా, కళ్ళతో చూసి అప్పుడు మాట్లాడు" అన్నాడు తమ్ముడు, టీ ముట్టుకోకుండానే లేచి.

మర్నాడు స్కూల్లో మధ్యాహ్నం పూట సెలవు పెట్టి టీచరమ్మ పెరట్లోకి వెళ్ళింది. తమ్ముడు ట్యాంకు నింపాడు. గొట్టం పీకి ఆవిడ చేతికే ఇచ్చాడు. చక్రాన్ని తోశాడు.

అబ్బ, ఎలా తిరిగిందో చెప్పాలి. ఎక్కడా కొట్టుకోవడం లేదు, వణకడం లేదు. ఇంజను పెట్టిన బల్ల మీద రూపాయి బిళ్ళ నిలబెట్టినా పడేలా లేదు. పిస్టన్ పైకీ కిందికీ వెళుతుంటే నిద్రపోయే మనిషి ఊపిరిలా చిన్న చప్పుడు, అంతే. ఇంజనులోంచి బయటికొచ్చే గాలి చల్లగా ఉండి, ఆ గొట్టం మూతి చుట్టూ నీటిబొట్లు పట్టాయి. ఇంత పని వీడి చేతిలో ఉందా అని ఆవిడకి గుండె పొంగింది. తరవాత ప్రెషర్ మీటరు వైపు చూసింది. పొంగిన గుండె అక్కడే ఆగింది.

ముల్లు దిగడం లేదు. చూస్తూ నిలబడింది, చూస్తూనే ఉంది. కొంతసేపటికి ముల్లు కదిలింది. కిందికి కాదు, పైకి.

కంటికి కనబడకుండా ఎవరో ట్యాంకులో గాలి పోస్తున్నట్టే ఉంది. ఇన్నేళ్ళుగా బోర్డు మీద ఆవిడ రాసింది, వేలమంది పిల్లల చేత ఒప్పించింది, అంతా ఈ నల్లటి ట్యాంకు ముందు తలకిందులవుతోంది.   ఏం చెయ్యాలో తోచక ఆవిడ ఒక పని చేసింది, చెయ్యకూడని పని. వంగి, ఇంజను ఉన్న బల్ల కిందికి చెయ్యి పోనిచ్చి, ఎక్కడైనా కరెంటు తీగ ఉందేమోనని తడిమింది.

తల ఎత్తేసరికి తమ్ముడు చూస్తున్నాడు.

"తీగ కోసమా?"

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నేను దొంగనా అక్కా? అందరి చెవుల్లో పువ్వులు పెడుతున్నానని నీ అనుమానమా? తోడబుట్టినదానివి, నువ్వే ఇలా చూస్తే రేపు ఊరివాళ్ళెలా చూస్తారు?"

"అది కాదురా, శక్తి ఎక్కడినుంచో రావాలి కదా..."

"గాలిలోంచి వస్తోంది. నీ పుస్తకంలో లేదేమో, నా పెరట్లో ఉంది. ఆదివారం నువ్వు రానక్కర్లేదు."

వాడు చక్రం మీద చెయ్యి వేసి ఆపేశాడు. ఆవిడ చేతిలో ఇంకా ఆ గొట్టం ఉంది. దాన్ని జాగ్రత్తగా కొక్కేనికి తగిలించి, వీధిలోకి నడిచింది.

మూడు రోజులు టీచరమ్మ మనిషి మనిషిలా లేదు. తమ్ముడు దొంగ కాడు, అది ఆవిడకి తన పేరంత ఖాయంగా తెలుసు. నియమం అబద్ధం కాదు, అదీ అంతే ఖాయం. ఈ రెండు నిజాల మధ్య నలిగి ఆవిడ పాఠం మధ్యలో ఆగిపోవడం మొదలుపెట్టింది. ఆదివారం వెళ్ళి నిజమేనని చెబితే, తను నమ్మని మాట మొదటిసారి పదిమందిలో చెప్పినట్టు. వెళ్ళకపోతే, అక్కే రాలేదంటే ఏదో మోసమే అనుకుంటారు జనం, వాడి పేరు గంగలో కలుస్తుంది. ఇంకా ఘోరం, వాడు ఆడించి గొప్ప చెప్పుకున్నాక ఏ నెలకో అందరి ముందూ చక్రం మొరాయిస్తే? గాలి మేస్త్రి అంటే అప్పుడు గాలి మాటల మేస్త్రి అవుతాడు.

"నిజమేనని చెప్పేసి రారాదూ, నీ సొమ్మేం పోతుంది?" అన్నాడు టైలరు, దారం కొరుకుతూ.

"తెలియకుండా ఎలా చెప్పను?"

"అయితే తెలుసుకో. అన్నం ముందు కూర్చుని పైకప్పు చూస్తే తెలుస్తుందా?"

శుక్రవారం సాయంత్రం మరదలు వచ్చింది, తమ్ముడి భార్య. ఆదివారం తొడుక్కోవడానికి మొగుడికి కొత్త చొక్కా కుట్టించాలని గుడ్డ తెచ్చింది. అక్కాతమ్ముళ్ళ మధ్య మాటల్లేవని తెలిసినా తెలియనట్టే, గుమ్మంలోనే "వదినా, బాగున్నావా" అంటూ లోపలికి వచ్చి కూర్చుంది. చల్లని మనిషి, కానీ నోరు మాత్రం ఊరుకోదు. టైలరు కొలతలు చూస్తుంటే తన గోడు మొదలుపెట్టింది.

"ఈ ఆదివారం ఎప్పుడు దాటుతుందా అని చూస్తున్నా వదినా. ఆ యంత్రం పెరట్లోకి వచ్చిన దగ్గర్నుంచీ నాకు బట్టలారేసుకునే చోటు కూడా లేకుండా పోయింది. ఆ ట్యాంకు మీద తడి తువ్వాళ్ళు వేస్తే చిటికెలో ఆరిపోతాయి తెలుసా! కానీ వెయ్యనిస్తేనా? నీ తువ్వాళ్ళు పడితే చక్రం మొరాయిస్తోంది, నీ చెయ్యి మంచిది కాదు అని నా మీద నిప్పులు చెరుగుతారు."

టీచరమ్మ కప్పు కింద పెట్టింది.

"తువ్వాళ్ళు వేస్తే ఆగిపోతుందా?"

"ఆగిపోతుంది వదినా, దేవుడి తోడు. అదేం విడ్డూరమో! మొన్న మబ్బు పట్టినప్పుడు కూడా ఆగిపోయింది. అప్పుడు నా తువ్వాళ్ళు లేవు కదా అన్నాను. అప్పుడు వాషరు పాడైందన్నారు. మబ్బు పట్టినప్పుడల్లా ఆయనకి వాషరే పాడవుతుంది, నేనున్నప్పుడు మాత్రం నా చెయ్యి."

"పొద్దున్న పూట ఎప్పుడైనా ఆడించాడా?"

"పొద్దున్న ఎక్కడ తీరిక? షెడ్డు నిండా జనమే కదా. మధ్యాహ్నం బేరాలుండని వేళలోనే దాని దగ్గరికి వెళతారు. సాయంత్రం మళ్ళీ ఎవరైనా రాగానే ఆపేస్తారు."

అంతే. టీచరమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టి, మరదల్ని గట్టిగా కౌగిలించుకుంది. ఆ పిల్ల బిత్తరపోయి టైలరు వైపు చూసింది. "నాకేం తెలియదు తల్లీ, ఆవిడ అంతే" అన్నట్టు ఆయన భుజాలు ఎగరేశాడు.

సంగతి ఇదీ. ట్యాంకు ఇనుప రేకు, నల్ల రంగు వేసింది, బస్సులకి రంగులేసే షాపులో మిగిలిన డబ్బా. మూడువైపులా గోడలు, గాలి ఆడదు. మిట్టమధ్యాహ్నం ఎండంతా ఆ నలుపు మీద పడుతుంది. మూసిన పాత్రలో గాలి వేడెక్కితే దాని ప్రెషర్ పెరుగుతుంది, అది ఏ పుస్తకం తెరిచినా మొదటి పాఠం. చక్రం తింటున్నదానికంటే ఎండ పెడుతున్నది ఎక్కువ, అందుకే ముల్లు ఎక్కుతోంది. వీడు బేరాల మనిషి కాబట్టి ఎప్పుడూ మధ్యాహ్నమే ఆడించాడు, ఎప్పుడూ ఎండలోనే చూశాడు. ఆవిడ మాత్రం? జీవితమంతా పిల్లల చేత గొట్టం మీద చెయ్యి పెట్టించి, తను మాత్రం ఆ రోజు బల్ల కింద చెయ్యి పెట్టింది గానీ ట్యాంకు మీద పెట్టి చూడలేదు. తమ్ముణ్ణి అనుమానించే తొందరలో అసలు పాఠం మరిచిపోయింది. ఆ సిగ్గుతో ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి.

శనివారం మధ్యాహ్నం, వాడు రమ్మనకపోయినా, పెరట్లోకి వెళ్ళింది. చక్రం తిరుగుతోంది, ముల్లు మెల్లగా ఎక్కుతోంది. తమ్ముడు ఆవిణ్ణి చూసి మొహం తిప్పుకున్నాడు. ఆవిడ నేరుగా వెళ్ళి ట్యాంకు మీద అరచెయ్యి పెట్టి, చురుక్కుమని తీసేసింది.

"మొన్న నీ బల్ల కింద వెతికినందుకు నన్ను తిట్టు, పడతాను. నువ్వు దొంగవి కావురా. నేనా పని చెయ్యకుండా ఉండాల్సింది" అంది. "కానీ ఇది చూడు."

మరదలి చేతిలో బాల్చీ, బాల్చీలో తడి తువ్వాళ్ళు. వద్దని తమ్ముడు అరిచేలోపే వదినామరదళ్ళిద్దరూ ట్యాంకు పొడుగునా పరిచేశారు. ఇనుము మీద సన్నగా ఆవిరి లేచింది. టీ తాగి కప్పు దించేంతసేపట్లో ముల్లు ఎక్కడం మానేసింది, దిగడం మొదలుపెట్టింది. చక్రం బరువుగా తిరిగింది, ఇంకా బరువుగా తిరిగింది, సగం చుట్టు దగ్గర వెనక్కి ఊగి ఆగింది.

"ఎండరా. నీ యంత్రాన్ని ఎండ మేపుతోంది" అంది అక్క, మెల్లగా.

వాడు ఆగిన చక్రాన్ని చూస్తూ నిలబడ్డాడు.  ఎన్ని మధ్యాహ్నాలు దాని ముందు గడిపాడో, ఎన్ని వాషర్లు మార్చాడో, సంఘంలో ఎంత గొప్పగా చెప్పుకున్నాడో, అదంతా వాడి కళ్ళల్లో కనిపించింది. ఆవిడకి వాణ్ణి దగ్గరికి తీసుకోవాలనిపించింది, వాడు అంత చిన్నవాడిగా కనిపించాడు. కానీ తువ్వాళ్ళు ఒక్కొక్కటే తీసి బాల్చీలో వేసి, వాడు అన్నది ఒక్కటే.

"వెళ్ళక్కా. నన్ను కాసేపు వదిలెయ్యి."

రేపు ఆడిస్తావా, ఏం చెబుతావు అని అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేదు. అది వాడు తేల్చుకోవలసిన సంగతి.

ఆదివారం పెరడు కిటకిటలాడింది. సంఘం పెద్ద వచ్చాడు, రంగుల షాపు ఆయన వచ్చాడు, పళ్ళ డాక్టరు వచ్చాడు, పాలిటెక్నిక్ ప్రిన్సిపాలు కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ఎండ మండిపోతోంది. టీచరమ్మ వెనక గోడ పక్కన, జనం మధ్య నిలబడింది.  వాడు ఏమీ ఎరగనట్టు ఆడించేస్తే, ఇంత ఎండలో ఎవరికీ అనుమానం రాదు. నోరు విప్పగలిగేది తనొక్కతే. విప్పాలా? తమ్ముడి పరువు తన నోటితో తియ్యాలా? చీర కొంగు చేతిలో నలిగి ముద్దయింది.

తమ్ముడు కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. ట్యాంకు నింపాడు, గొట్టం పీకి అందరికీ చూపించాడు, చక్రాన్ని తోశాడు. చక్రం తిరిగింది. ముల్లు నిలబడింది, ఆ తరవాత ఎక్కింది. ముందు వరసలో ప్రిన్సిపాలు లేచి నిలబడ్డాడు. ఎవరో ఈల వేశారు. చప్పట్లు మొదలై పెరడంతా హోరెత్తింది, సంఘం పెద్ద వాడి భుజం తడుతూ "చూశారా, మనవాడు!" అని అరిచాడు.

చప్పట్లు తగ్గేదాకా వాడు ఓపిగ్గా ఆగాడు. తరవాత గోడ దగ్గరికి వెళ్ళి, బళ్ళు కడిగే నీళ్ళ గొట్టం లాక్కొచ్చి, కుళాయి తిప్పమని భార్యకి సైగ చేశాడు. ట్యాంకు మీద నీళ్ళు కుమ్మరించాడు. ట్యాంకు మీంచి ఆవిరి లేచింది.

జనానికి అర్థం కాలేదు. ముల్లు జారుతోంది, చక్రం నీరసిస్తోంది. "ఏయ్, ఏం చేస్తున్నావ్, చెడిపోతుంది!" అన్నాడు సంఘం పెద్ద. వాడు నీళ్ళు ఆపలేదు, చక్రం ఆగేదాకా పోస్తూనే ఉన్నాడు.

"అందరూ వినాలి" అన్నాడు, గొట్టం చేతిలోనే ఉంది, కొత్త చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. "ఇది తనకి తనే గాలి నింపుకుంటుందని మీకు చెప్పాను. అలాగే నమ్మాను కూడా. తప్పు. దీనికి మేత ఎండ పెడుతోంది. ఎండ లేకపోతే ఆగిపోతుంది, ఇదిగో చూశారుగా. ఊరికే ఏదీ తిరగదు. కానీ ఇంత కొంచెం ఎండకి కూడా తిరిగేటంత తేలిగ్గా ఈ ఇంజను కట్టాను. అది మాత్రం నా చేతి పని, దాని గురించి ఎవరేమడిగినా చెబుతాను."

 వెనకవరసలో ఒకళ్ళిద్దరు నవ్వారు. కొందరు మెల్లగా గుమ్మం వైపు జరిగారు. ప్రిన్సిపాలు మాత్రం వంగి, సిలిండరు వైపు కళ్ళు చిట్లించి చూస్తున్నాడు.

టీచరమ్మ పక్కన నిలబడ్డ పెద్దమనిషి, ఎవరో పొరుగు వీధివాడు, పెదవి విరిచాడు. "తిరుగుతున్నదాన్ని చేజేతులా ఆపుకున్నాడే! నోరు మూసుకుంటే ఎవరికి తెలిసేది? ఎవరండీ ఈ వెర్రివాడు?"

"మా తమ్ముడండీ" అంది టీచరమ్మ.

అవసరమైనదానికంటే గట్టిగానే అంది, క్లాసులో వెనక బెంచీకి వినబడేలా. తలలు తిరిగాయి. ట్యాంకు దగ్గర వాడు కూడా విన్నాడు. కళ్ళద్దాలు తీసి తడిసిన చొక్కాతో తుడవబోయి, కుదరక, జనం తలల మీదుగా పిలిచాడు.

"అక్కా, ఇలా రా. ముల్లు ఏ అంకె మీదుందో చదివి వీళ్ళకి చెప్పు. నా కళ్ళద్దాలు తడిసిపోయాయి, నాకేం కనబడటం లేదు."

జనం దారి ఇచ్చారు. ఆవిడ బురదలో చెప్పులతోనే నడిచి వెళ్ళి, వాడి పక్కన నిలబడి, మీటరు వైపు వంగి చూసింది. చూసింది చూసినట్టు, పెరడంతా వినబడేలా చదివి చెప్పింది.  ఎవరూ కాదనలేదు.